తంగేడు, దాని దాయాదులు

భాద్రపద మాసం చివరిలో ఒకనాటి ఉదయం పనిమీద ఆలూరు వెళ్లాను. హైదరాబాదునుండి బీజాపూరుకు పోయే బాటమీద, చేవెళ్లకు చేరువలో ఉన్న ఊరది. ఆ బాట మర్రిచెట్లకు పేరుపొందినది. చెట్ల నీడ దాటి పొలాలలోకి అడుగుపెట్టితే, ఆ రోజులలో ఎటు చూచినా పసుపే. గట్లమీద పసుపు, బీళ్లలో పసుపు, రాళ్ల సందులలో పసుపు. మరి నాలుగు రోజులలో ఎంగిలిపూల బతుకమ్మ. తిరిగివచ్చేటప్పుడు తంగేడు పువ్వు తెమ్మని ఇంటివారు చెప్పి పంపారు. గుడిమల్కాపూరు మార్కెట్టులో దొరుకుతుంది గదా అంటే, కొన్న తంగేడు ఏమి తంగేడని జవాబు వచ్చింది.

పని ముగిసిన తరువాత ఒక బీడులో దిగి, తువాలు పరచుకొని పువ్వులు కోయటం మొదలుపెట్టాను. కళాశాలలో వృక్షశాస్త్రం చదివి పట్టం పుచ్చుకొన్నవాణ్ణి. తంగేడు పువ్వు కోయటానికి ఒకరిని అడగవలసి ఉంటుందని తోచలేదు. తువాలు సగం నిండింది. మేకలను తోలుకొని అటు వచ్చిన ఒక ముసలమ్మ నిలబడి కొంతసేపు చూచి, “ఏం తెంపుతున్నవు బిడ్డా?” అని అడిగింది.

“తంగేడు పువ్వు, అవ్వా.”

“తంగేడు సగమే. తక్కినదంత కసివింద. బతుకమ్మల కసివింద పెడ్తరా?”

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆమె ఒక ఆకు తుంపి, అరచేత నలిపి, నా ముక్కు దగ్గర పెట్టింది. ఆ కంపును ఇక్కడ వర్ణించను. తరువాత పక్కనే ఉన్న మరొక పొద కొమ్మను వంచి, ఆకు మొదట వేలుపెట్టి చూపింది. “దీనికి చెవులుంటయి. చెవులు లేనిది తంగేడు కాదు” అన్నది.

నేను సిగ్గుపడటానికి పొరపాటు ఒక్కటే కారణం కాదు. స్వీడను దేశపు లినేయస్ పండితుడు 1753లో తంగేడుకు పెట్టిన లాటిను పేరు కాసియా ఆరిక్యులేటా. ఆరిక్యులేటా అంటే చెవులు గలది అని అర్థం. ఆ పేరు పరీక్షకోసం నేను కంఠస్థం చేసినదే. పేరు జ్ఞాపకమున్నది, చెవులు మాత్రం ఎన్నడూ చూడలేదు.

ఇంటికి వచ్చిన తరువాత పాత పుస్తకాలు తీశాను. మరుసటి ఆదివారం మళ్లీ బీళ్లవెంట తిరిగాను. పసుపు పువ్వుల ఈ దాయాదులు మన ఊళ్ల చుట్టూ ఎందరున్నారో, వారిని వేరువేరుగా ఎట్లా గుర్తుపట్టాలో కొంత తెలిసినది. అది పండితుల వేడుక మాత్రమే అయితే శ్రోతల కాలం వృథా చేసేవాణ్ణి కాను. ఈ దాయాదులలో ఒకటి మనం కూర వండుకొనేది. దానిని పోలిన మరొకటి చిన్నపిల్లల ప్రాణాలు తీసినది. ఆ సంగతికి తరువాత వస్తాను.

రేడియోలో పువ్వును చూపటానికి వీలులేదు. ఈ కుటుంబం విషయంలో అది పెద్ద లోపం కాదు. మనలను మోసగించేది పువ్వే కాబట్టి. తంగేడుకు ఐదు పసుపు రేకులు; కసివిందకు ఐదు పసుపు రేకులు; తగిరిసకు, రేలకు, సీమతంగేడుకు అన్నిటికీ అంతే. చిక్కుడుజాతివే అయినా, వీటి పువ్వులు చిక్కుడు పువ్వువలె సీతాకోకచిలుక రూపంలో ఉండవు. రేకులు విచ్చుకొని బల్లపరుపుగా ఉంటాయి. నిజమైన గుర్తులు ఆకుకాడమీద, కాయమీద ఉన్నవి. అవి వేలితో తడిమి తెలుసుకోదగినవి.

అయినా పువ్వును గూర్చి ఒక మాట చెప్పకుండా దాటిపోలేను. తంగేడు పువ్వులో కేసరాలు పది. అవి సమానం కావు. పైనున్న మూడు గొడ్డువి. వాటిలో పనికివచ్చే పుప్పొడి లేదు. నడుమనున్నవి పొట్టివి. క్రిందివి పొడవై, వంగి ఉంటాయి. పొట్టివాటి పుప్పొడి తుమ్మెదకు మేత. అది మేత దులుపుకొంటూ ఉండగా, పొడవైన కేసరాలు దాని ఒంటికి వేరే పుప్పొడి అద్ది మరొక పువ్వుకు పంపుతాయి. ఈ కేసరాల కొనలు నిలువునా పగలవు. ఉప్పుసీసా మూతకువలె కొనన రంధ్రాలు మాత్రం ఉంటాయి. దులిపితేగాని పుప్పొడి రాలదు. తేనెటీగకు ఆ విద్య తెలియదు. నల్లని పెద్ద తుమ్మెద, పాతవాసాలను తొలిచి కాపురముండేది, వచ్చి కేసరాలను కరచి పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా వణికిస్తుంది. జుమ్మని ఒక ధ్వని పుడుతుంది. పుప్పొడి రాలుతుంది. ఉదయం ఏడెనిమిది గంటల వేళ తంగేడు పొద పక్కన నిలబడితే ఈ ధ్వని వినవచ్చును. ఎగిరేటప్పటి రొదకంటె అది సన్నని స్వరం. ఒకసారి విన్నవారు మళ్లీ పొరబడరు.

ఇంత శ్రమపడిన తుమ్మెదకు ఆ పువ్వులో ఒక్క చుక్క తేనె దొరకదు. ఈ మొక్కల తేనె పువ్వులో లేదు, ఆకుకాడమీద ఉన్నది. చిన్నచిన్న బుడిపెలవంటి గ్రంథులు అక్కడ ఉంటాయి. వాటినుండి ఊరే తీపికి చీమలు వస్తాయి. వచ్చిన చీమలు ఆకు తినే పురుగులను ఉండనీయవు. కూలి ఇచ్చి కాపలాదారులను పెట్టుకొన్నట్లే. ఈ బుడిపె ఎక్కడ ఉన్నది, ఎన్ని ఉన్నవి, లేక అసలే లేదా అన్నదానినిబట్టి దాయాదులలో ఎవరు ఎవరో చాలవరకు చెప్పవచ్చును. ముసలమ్మ చెవులు చూడమన్నది. నేను దానికి ఈ బుడిపెలను చేర్చుతున్నాను.

మొదట తంగేడు. ఇది నిలువెత్తు పొద, ఒక్కొక్కప్పుడు అంతకు మించుతుంది. ఒక ఈనెకు ఎనిమిది మొదలు పన్నెండు జతల చిన్న ఆకులు ఉంటాయి. ప్రతి ఆకు కొన మొద్దుగా ఉండి, నడుమ సూదిమొనవంటి ముక్కు ఉంటుంది. ప్రతి జతకూ నడుమ ఒక బుడిపె నిలువుగా లేచి ఉంటుంది; ఈనెమీద వేలు పెట్టి మొదటినుండి చివరకు జార్చితే పళ్లదువ్వెనవలె తగులుతుంది. ఈనె కొమ్మకు అంటుకొన్నచోట రెండు పక్కల వెడల్పైన గుండ్రని పత్రపుచ్ఛాలు ఉంటాయి. అవే చెవులు. తక్కిన దాయాదుల పత్రపుచ్ఛాలు సన్ననివి, త్వరగా రాలిపోయేవి. తంగేడు చెవులు మాత్రం ఆకు ఉన్నంతకాలం ఉంటాయి. పువ్వు పెద్దది, రేకుల అంచులు ముడతలుపడి, నారింజరంగు ఈనెలతో ఉంటాయి. కాయ కాగితమంత పలుచన, చదును. లోపలి గింజలు పైకి ఉబ్బి లెక్కపెట్టటానికి వీలుగా కనబడతాయి.

తంగేడు మన దేశానికి, సింహళానికి సొంతమైన మొక్క. నీళ్లు అడగదు, ఎరువు అడగదు. మేకలు కూడ సాధారణంగా దాని జోలికి పోవు. అందుకే ఎంత మేసిన బీడులోనైనా అది ఒక్కటే పచ్చగా నిలుస్తుంది. దాని పట్టలో తోలు ఊనటానికి పనికివచ్చే వగరు హెచ్చు. తెలుగు, తమిళ దేశాలలో తోళ్ల పరిశ్రమ చాలాకాలం ఆ పట్టమీదనే నడచినది. దక్షిణాఫ్రికానుండి తుమ్మజాతి పట్ట దిగుమతి అయిన తరువాతగాని తంగేడుకు ఆ చాకిరి తగ్గలేదు. 2014లో కొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం దీనిని రాష్ట్రపుష్పంగా ప్రకటించింది. మంచిదే. కాని హైదరాబాదు చుట్టుపక్కల బీళ్లు ఇళ్లస్థలాలుగా మారుతున్నకొద్దీ, రాష్ట్రపుష్పం బస్తాలలో కట్టి దూరంనుండి తేవలసిన సరుకు అవుతున్నది.

అందువలననే పట్టణాలలో బతుకమ్మ దినాలలో ఒక చిత్రం జరుగుతుంది. పిల్లలు రోడ్డుపక్క చెట్లెక్కి పసుపుపచ్చని గుత్తులు విరిచి తెస్తారు; తంగేడని సంబరపడతారు. అది సీమతంగేడు. సయాము, మలయా దేశాలవైపునుండి నీడకొరకు, వంటచెరకుకొరకు తెచ్చి నాటిన చెట్టు. దీనిని గుర్తుపట్టటం సులభం: తంగేడు పొద, ఇది చెట్టు. చెవులు లేవు, ఈనెమీద ఒక్క బుడిపె కూడ లేదు. కాయ జానెడు పొడవుండి, అంచులు దళసరిగా ఉంటాయి. సయాములో దీని లేతచిగుళ్లను చాలాసార్లు ఉడికించి, నీరు పారబోసి, కూర చేసుకొంటారని చదివాను. బతుకమ్మలో పెట్టినంత మాత్రాన దోషమేమీ లేదు. ముసలమ్మను అడిగితే ఏమనేదో చెప్పలేను.

రేలను తంగేడని పొరబడేవారు ఉండరు. వేసవిలో ఆకు రాల్చి, దీపాల దండలవలె పూల గుత్తులను క్రిందికి వ్రేలాడదీసే చెట్టది. దాని కాయ మూరెడు పొడవుగల నల్లని కఱ్ఱ. అయినా శాస్త్రజ్ఞులు రేలను, తంగేడును రెండువందల సంవత్సరాలకు పైగా ఒకే ఇంటిపేరుతో పిలిచారు: కాసియా. ఆ ఇల్లు బహుకుటుంబీకమై, అందులో వందలకొద్ది జాతులు చేరినవి. 1982లో అమెరికాకు చెందిన ఇర్విన్, బార్న్‌బీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ ఉమ్మడి ఆస్తిని మూడు వాటాలు వేశారు. రేలవంటివి కాసియా అనే పాతపేరు ఉంచుకొన్నవి. వాటి క్రిందిమూడు కేసరాల కాడలు కొడవలివలె వంగి మళ్లీ లేస్తాయి; ఆకుమీద తేనె బుడిపెలు ఉండవు. తంగేడు, కసివింద, తగిరిస, సీమతంగేడు సెన్నా అనే వాటాకు వచ్చినవి. చనుపాల విత్తుల మొక్కవంటి చిన్నవి, ఎండినకాయలు చిటుక్కున పగిలి మెలిదిరిగి గింజలు చిమ్మేవి, మూడవ వాటా.

ఇందులో మనవారు సంతోషింపదగిన విశేషమొకటి ఉన్నది. తంగేడును సెన్నా అని పిలువవలెనని మొదట వ్రాసినవాడు విలియం రాక్స్‌బర్గు. ఆయన 1781లో సామర్లకోటకు వచ్చి, 1793లో కలకత్తా తోటకు పోయేవరకు కోస్తాజిల్లాల మొక్కలను పరిశీలించి, బొమ్మలు వ్రాయించి, తెలుగు పేర్లతో సహా దాచిపెట్టినవాడు. ఆయన గ్రంథం పూర్తిగా అచ్చుపడింది ఆయన పోయిన తరువాత, 1832లో. తంగేడుకు, తగిరిసకు ఆయన పెట్టిన పేర్లే నూటయాభై సంవత్సరాలు పక్కన పడి ఉండి, మళ్లీ చెల్లుబడి అయినవి.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. తగిరిస, కసివింద.

తగిరిసను కొన్నిచోట్ల తంటెం అంటారు. సంస్కృత వైద్యగ్రంథాలలో అది చక్రమర్దం. తామరను అణచేదని ఆ పేరు. తొలకరి పడగానే బాటల పక్క, దిబ్బలమీద, పశువుల కొట్టాల వెనుక దళంగా మొలుస్తుంది. మృగశిర, ఆరుద్ర కార్తెలలో లేతాకు కోసి పప్పులో వేస్తారు, లేదా ఉడికించి వేపుడు చేస్తారు. చేలలో కూరగాయలు ఇంకా కాపుకురాని రోజులలో పేదవారి ఇంట అదే కూర. కసివింద కూడ అదే వానకు, అదే దిబ్బమీద, దాని భుజం రాచుకొని మొలుస్తుంది. సంస్కృతంలో కాసమర్దం, అంటే దగ్గును అణచేది. లినేయస్ దానికి పెట్టిన పేరులోని ఆక్సిడెంటాలిస్ అన్నమాటకు పడమటిది అని అర్థం. దాని పుట్టినిల్లు అమెరికా ఉష్ణప్రదేశాలని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయం.

ఈ రెండింటినీ వేరుపరచటానికి పువ్వుకొరకు ఆగనవసరం లేదు. జానెడు ఎత్తు మొక్కయితే చాలు. తగిరిస ఈనెకు మూడే జతల ఆకులు. ఆకు మొదట సన్నమై, చివరకు పోగా వెడల్పై, కొన గుండ్రంగా ఉంటుంది, గరిటెను తలపిస్తుంది. బుడిపె సన్ననిది, మొనతేలినది. క్రింది ఆకుజతల నడుమ ఉంటుంది. సాయంకాలం కాగానే ఆకులు ముడుచుకొంటాయి. కసివిందకు సాధారణంగా నాలుగు మొదలు ఆరు జతలు. ఆకు మొదట వెడల్పుగా ఉండి, కొనకు పోగా ఈటెవలె సూదిగా తేలుతుంది. బుడిపె ఒక్కటే. అది ఆకుజతల నడుమ ఉండదు. ఈనె కొమ్మకు అంటుకొనేచోట, అడుగున, నల్లగా గుండ్రంగా మిరియపుగింజలో సగమంత ఉంటుంది. ఒకసారి చూచినవారు మళ్లీ మరచిపోరు. రెండింటికీ దుర్వాసన ఉన్నది గనుక వాసన ఒక్కదానిని నమ్మరాదు. ఈ ఒక్క విషయంలో ముసలమ్మ ముక్కుకున్న విద్య నాకు లేదు. ఆమెకు రెండు కంపులూ వేరువేరట.

కాయలు వచ్చిన తరువాత సందేహమే లేదు. తగిరిస కాయ సన్నని పొడవైన కొడవలి. బొబ్బరకాయను సన్నగా సాగదీసినట్లుంటుంది. గింజలు మెరుస్తూ, పలకలు తీరి, ఏటవాలుగా కోసినట్లుంటాయి. కసివింద కాయ అంతకంటె వెడల్పు, కొంచెం చదును. బెత్తెడు మొదలు జానెడు లోపు ఉండి, గుత్తులుగా పైకి నిక్కి నిలుస్తుంది; నడుమ గోధుమరంగు, అంచులు వెలవెలబోయి ఉంటాయి. లోపల గింజలు ఇరవై ముప్ఫై, గుండ్రనివి, మెరుపులేనివి. పచ్చికాయ ఒలిచితే బఠాణీలవలె కనబడతాయి.

బఠాణీలవలె కనబడటమే కొంపముంచింది. ఉత్తరప్రదేశ్ పశ్చిమజిల్లాలలో ప్రతియేటా వానలు వెనుకబట్టిన తరువాత, చలి ముదిరేలోగా, పల్లెలలోని పేదపిల్లలకు అకస్మాత్తుగా వాంతులు, తరువాత మగత, మూర్ఛలు వచ్చేవి; రెండు మూడు దినాలలో చాలమంది చనిపోయేవారు. వారంతా రెండేళ్లు మొదలు పదేళ్లలోపు వయసువారు. మెదడువాపు వ్యాధి అనుకొని దోమలకు మందు కొట్టారు. సూక్ష్మజీవులకోసం వెదికారు. ఫలితం లేదు. వేలూరులో వైరస్ శాస్త్రాచార్యులుగా పనిచేసిన డాక్టరు టి. జేకబ్ జాన్, బిజ్నూరు పిల్లల వైద్యుడు డాక్టరు విపిన్ వశిష్ఠ, వారి సహచరులు ఇంటింటికి పోయి, జబ్బుపడిన పిల్లలు అంతకుముందు ఏమి తిన్నారో అడిగారు. ఆటలలో, ఆకలికి, కసివింద పచ్చికాయలు ఒలుచుకొని తిన్నారని తేలింది. 2007 ప్రాంతంలో ఆ పరిశోధనలు వైద్యపత్రికలలో వెలువడినవి. కాలేయం, కండరాలు, మెదడు మూడూ ఒక్కసారిగా చెడిపోతాయి. గింజలలోని ఆంత్రాక్వినోనులనే పదార్థాలు కారణమని వారి అభిప్రాయం. విరుగుడు లేదు. పశువులు, పందులు, కోళ్లు ఈ గింజలు కలిసిన దాణా తిని కాళ్లు పట్టుతప్పి పడిపోవటం అమెరికా పశువైద్యులకు అంతకుముందే తెలిసిన విషయం. పశువుల గ్రంథంలో ఉన్న జబ్బును పిల్లల వైద్యులు చదవలేదు, అంతే.

2016లో ఇది మన గడపకు వచ్చింది. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా మన అల్లూరి సీతారామరాజు జిల్లాకు సరిహద్దు. అక్కడ కోయలు, తెలుగు మాటలాడేవారు కూడ ఉన్నారు. ఆ సంవత్సరం వానలు తగ్గిన నెలలలో ఆ జిల్లా పల్లెలలో పిల్లలు పదులకొద్ది చనిపోయారు. కొందరి విషయంలో జపానీ మెదడువాపు వ్యాధి ఉన్నట్లు పరీక్షలలో తేలింది. తక్కిన చాలమంది విషయంలో డాక్టరు జేకబ్ జాన్ మొదలైనవారు కసివిందనే కారణంగా చూపారు. తరువాత ఊరూరా ఆ మొక్కలను పెరికివేయించారు. నన్ను కలతపెట్టినది అక్కడి పేర్లు. ఒడియాలో తగిరిసను చకుండా అంటారు. కసివిందను బడ చకుండా, అంటే పెద్ద చకుండా అంటారు. చిన్నది కూరాకు, పెద్దది విషం. నడుమ తేడా ఒక్క విశేషణం. ఆకలిగొన్న నాలుగేళ్ల పిల్లవాడు విశేషణాలు చూడడు. మన భాషలో ఈ రెండింటికి ఎక్కడా పొత్తులేని రెండు పేర్లుండటం మన అదృష్టమే. కాని ఆ పేర్లు ఎరిగినవారు తగ్గిపోతున్నారు. మా ఇంటిపిల్లలకు రెండూ “పిచ్చిమొక్క”లే.

ముదిరిన కసివింద గింజలను బాగా మాడేటట్లు వేయించి, పొడిచేసి, కాఫీకి బదులుగా త్రాగే అలవాటు ఆఫ్రికాలోను, అమెరికా ఉష్ణప్రదేశాలలోను ఉన్నది. మనదేశంలో నాటువైద్యులు ఆకును, వేరును వాడుతారు. ఆ ప్రయోగాలను చూచి ధైర్యపడరాదు. పిల్లలు తిన్నవి పచ్చిగింజలు. పిల్లవాడు తిన్నాడన్న అనుమానం కలిగితే ఇంటివైద్యం చేయక ఆస్పత్రికి తీసుకొనిపోవలెను. పోయేటప్పుడు ఆ కాయ ఒకటి కొంగున కట్టుకొని పోయి డాక్టరుకు చూపవలెను. జ్వరమా, మెదడువాపా అని వెదుకుతూ కూర్చునే కాలం ఆ కాయవలన మిగులుతుంది.

ఈ భేదం ఎంత విలువగలదో వర్తకులకు తెలుసును. తగిరిస గింజలనుండి ఒక జిగురుపొడి తీస్తారు. మనదేశంనుండి అది విదేశాలకు పోతుంది. ఆహారపదార్థాలను చిక్కపరచటానికి, కుక్కల పిల్లుల డబ్బాతిండ్లలో కలపటానికి వాడతారు. ఐరోపా వారి నిబంధన ప్రకారం ఆ సరుకులో కసివింద నూటికి 0.05 వంతుకంటె తక్కువ ఉండవలెను. అంటే పదివేలలో ఐదు వంతులకు లోపు. పరదేశపు పిల్లి తినే తిండిలో అంత జాగ్రత్త!

ఆ నిబంధనలోనే మరొక తమాషా ఉన్నది. తగిరిస అని ఒక్క పేరు వ్రాయలేదు. రెండు జాతుల పేర్లు కలిపి వ్రాశారు: తోరా, ఆబ్ట్యూసిఫోలియా. మనం తగిరిస అని కోసుకొనేది ఈ రెండింటిలో ఏదైనా కావచ్చును. రెండింటికీ మూడు జతల ఆకులే, రెండింటికీ కొడవలికాయలే. లినేయస్ 1753లోనే వీటిని వేరు చేశాడు. తరువాతివారు ఇంతటి సూక్ష్మభేదం భేదమేనా అని రెండింటినీ కలిపివేశారు. ఇరవయ్యవ శతాబ్దంలో మళ్లీ విడదీశారు. తోరా ఆసియాది, ఆబ్ట్యూసిఫోలియా అమెరికాది అని నేడు చెప్పుతారు. వేరుపరచదలచినవారు ముదిరిన కాయ కాడను కొలవవలెను: తోరా కాడ పొట్టిది, సెంటీమీటరుకు మించదు, ఆబ్ట్యూసిఫోలియా కాడ దానికి రెట్టింపు పొడవు. తోరాకు క్రింది రెండు ఆకుజతల నడుమా బుడిపెలుంటాయి. రెండవదానికి అన్నిటికంటె క్రిందిజత నడుమ ఒక్కటే. గింజ పక్కన ఉండే చార తోరాలో వెడల్పు, రెండవదానిలో దారమంత సన్నం. నేను భూతద్దం పుచ్చుకొని ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఐదు మొక్కలు తేల్చగలిగాను; ఆరవది తేలలేదు. కూర వండుకొనేవారు ఈ చిక్కులో పడనవసరం లేదు. మూడు జతలు, మొద్దుకొనలు అయితే రెండింటిలో ఏదైనా పప్పులోకి పనికివస్తుంది. ఐదు జతలు, సూదికొనలు, కాడ అడుగున నల్లబుడిపె అయితే గంపలోకి రానీయకూడదు.

కసివిందను తుడిచిపెట్టటం కష్టమేమీ కాదు. అది ఒకటి రెండేళ్లు బ్రతికే మొక్క. పువ్వు చూచిన వెంటనే, కాయ పట్టకముందే వేరుతో పెరికితే ఆ యేటి విత్తనం ఆగిపోతుంది. బడి చుట్టూ, అంగన్‌వాడీ వెనుక, పిల్లలు ఆడుకొనే దిబ్బలమీద ఆ పనికి సరియైన అదను బతుకమ్మ రోజులే. ఊరంతా పువ్వులకోసం గట్లవెంట తిరుగుతూనే ఉంటుంది. తంగేడు కోసే చేయి పక్కనున్న కసివిందను పెరకటానికి నిమిషం పట్టదు. కార్తీకం దాటితే కాయలు ఎండి గింజలు రాలిపోతాయి. తరువాత పెరికినా ఫలితముండదు.

ఆనాడు ఆలూరి బీడులో నా తువాలు గట్టుమీద క్రుమ్మరించవలసి వచ్చింది. మళ్లీ ఏరుదామని కూర్చుంటే, నా చేతి వేగం చూచి ముసలమ్మకు ఓపిక చాలలేదు. “నువ్వు మేకలను చూడు బిడ్డా, చేన్ల పడకుండ” అని, తానే కూర్చుండి, తంగేడు ఒకవైపు, కసివింద ఒకవైపు ఏరింది. పువ్వు వైపు ఆమె చూడనే లేదు. కాడలు తడుముతూనే ఏరింది. మేకలు రెండు నా కన్నుగప్పి చామంతి తోటలో దూరినవి.